తరలిపోయిన జట్టు – తరలిపోని ఆట

2022 మార్చిలో గోవాలో కేరళ బ్లాస్టర్సును పెనాల్టీలలో ఓడించి ఇండియన్ సూపర్ లీగు విజేతగా నిలిచిన హైదరాబాదు ఫుట్‌బాలు క్లబ్బు, 2025లో పేరు మార్చుకొని ఢిల్లీకి తరలిపోయినది. అభిమానుల మనసు కలుక్కుమన్నది. ఐనను ఇందు వింత యేమున్నది? సొమ్ముతో వెలసిన జట్టు సొమ్ము పిలిచిన చోటికే పోవును.

ఇదే నగరమునకు చెందిన సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదు మారులు రోవర్స్ కప్పు గెలిచినది. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబు ఒక బడిపంతులు. అలవాటు లేని కాలితోనే ఆడవలెనను నియమముతో పోటీలు నడిపి, ఆటగాండ్రకు బంతిపై పట్టు నేర్పిరి. అందులకు కోట్లు కావలసి రాలేదు. ఆయన శిక్షణలోనే భారతజట్టు 1956 మెల్‌బోర్ను ఒలింపిక్సులో నాలుగవ స్థానమును, 1962 జకార్తా ఏషియా క్రీడలలో స్వర్ణమును పొందినది.

క్లబ్బును కొనవచ్చును, తరలింపవచ్చును. పిల్లల కాళ్లకు అబ్బిన విద్యను తరలించుట యెవరి తరము?

కావున పోయిన జట్టుకై వగచుట చాలింతము. మన బడికి మైదానమున్నదా? ఉన్నచో అందు బంతి దొరలుచున్నదా? ఆటల గంటను లెక్కల పాఠమునకు ధారపోయు ఉపాధ్యాయమిత్రులు, రహీం సాహెబు తమవలె పంతులేనని ఒక్కమారు తలచుకొందురు గాక! విద్యార్థులారా, ఆ గంటను మీరును అడిగి పుచ్చుకొనుడు.