ఘనత దాదాలది, తన్ఖా బాకీ మనది



పోయిన జుమా రోజు మా ఇంట్లో దస్తర్‌ఖాన్ మీద బిర్యానీ చల్లారిపోయింది. జగడం ఆస్తి గురించో రిష్తా గురించో అనుకునేరు. కోల్‌కతాలోని మహమ్మడన్ స్పోర్టింగ్ క్లబ్ గురించి! కర్నూలులో కూర్చుని అక్కడి ఫుట్‌బాల్ కోసం గొంతులు చించుకోవడం ఏమిటని మా బేగం నవ్వింది. కానీ మా చాచాకి అది సొంతింటి గొడవే. ఆయన ఖరగ్‌పూర్ రైల్వేలో నౌకరీ చేసి రిటైరయ్యారు. సెలవు దొరికితే చాలు, రైలెక్కి హౌరాలో దిగి, అక్కణ్ణుంచి మైదాన్‌కి వెళ్లేవారు. 1981లో క్లబ్ కలకత్తా లీగ్ గెలిచినప్పుడు అక్కడే ఉన్నారు. ఆ నలుపు తెలుపు జెండా మాట ఎత్తితే ఇప్పటికీ ఆయన కళ్లు తడుస్తాయి.

"క్లబ్ ఖౌమ్‌ది బేటా. సూట్లు వేసుకున్న కంపెనీవాళ్లు వచ్చి దాని రూహ్ తీసేశారు" అన్నారు చాచా.

డిగ్రీ చదువుతున్న మావాడు ఊరుకోలేదు. "ఛోటే దాదా, దాన్ని ముంచింది కమిటీ పెద్దలే. కుర్చీ వదలరు, హిసాబ్ చెప్పరు. మొత్తం ఒక కంపెనీ చేతిలో పెడితేగాని బాగుపడదు."

కోల్‌కతా అభిమానుల్లోనూ ఇవే రెండు జట్లు. అందుకే ఈ మాట రాయాలనిపించింది.

మన పిల్లలకు ఈ క్లబ్ తారీఖ్ తెలియదు కాబట్టి కొంచెం చెప్తాను. 1891లో పుట్టింది. 1934లో కలకత్తా లీగ్ గెలిచిన మొదటి భారతీయ క్లబ్ ఇదే. అంతకుముందు ఆ కప్పు తెల్లదొరల జట్లదే. 1938 దాకా వరసగా ఐదేళ్లు గెలిచింది. 1940లో ఢిల్లీలో ఒక బ్రిటిష్ రెజిమెంటు జట్టును ఓడించి డ్యూరాండ్ కప్పు ఎత్తింది. మన హైదరాబాద్‌కీ ఈ క్లబ్‌కీ పాత రిష్తా ఉంది. నయీముద్దీన్, హబీబ్, షబ్బీర్ అలీ, అందరూ హైదరాబాద్ బిడ్డలే, అందరూ ఆ జెర్సీ తొడుక్కున్నవాళ్లే.

అంత షాన్ ఉన్న క్లబ్ తర్వాత దశాబ్దాల పాటు కిందకి జారింది. 2024 ఏప్రిల్‌లో షిల్లాంగ్‌లో లాజోంగ్‌ని 2-1తో ఓడించి ఐ-లీగ్ గెలిచి, పెద్ద లీగ్ ఐఎస్ఎల్‌లోకి వచ్చింది. చాచా ఆ రాత్రి మిఠాయి పంచారు. ఆ ఖుషీ ఒక్క సీజన్ కూడా నిలవలేదు. 2024-25లో 24 మ్యాచులాడి రెండే గెలిచింది. పదమూడు జట్లలో పదమూడోది. ఓటమి ఆటలో మామూలే. నన్ను బాధపెట్టింది వేరే. తన్ఖా రాలేదని ఆటగాళ్లు ప్రాక్టీసు మానేశారు. ఐ-లీగ్ గెలిపించిన రష్యన్ కోచ్ చెర్నిషోవ్ సీజన్ మధ్యలోనే వెళ్లిపోయాడు. క్లబ్ పెద్దలు ఇన్వెస్టర్ల వైపు వేలు చూపారు, ఇన్వెస్టర్లు క్లబ్ పెద్దల వైపు చూపారు. మధ్యలో మజ్దూరీ మాత్రం అలాగే ఉండిపోయింది.

ఇప్పుడు చాచా మాటకి నా జవాబు. "ఖౌమ్ క్లబ్" అన్న జజ్బాతే 1934లో గెలిపించిందని ఆయన నమ్మకం. జజ్బా ఉంది, కాదనను. కానీ ఆ రోజుల్లో క్లబ్‌ని నడిపించిన సి.ఎ. అజీజ్ అనే సెక్రటరీ ఏం చేశారో చూడండి. మనవాళ్లు ఉత్తికాళ్లతో ఆడేవారు. కలకత్తా వానల్లో, బురదలో, బూట్లు వేసుకున్న గోరా జట్ల ముందు జారిపడేవారు. తడి మైదానంలో బూట్లు వేసుకుని ఆడమని ఆయన ఒప్పించారు. బెంగుళూరు నుంచీ ఇంకా దూరం నుంచీ మంచి ఆటగాళ్లను వెతికి తెచ్చారు. అది ఇంతెజామ్. దువా చేశారు, బూట్లూ కుట్టించారు.

ఇంకొక మాట. షిల్లాంగ్‌లో ఆ రెండు గోల్స్ కొట్టింది ఎవరు? అర్జెంటీనా నుంచి వచ్చిన అలెక్సిస్ గోమెజ్, రష్యా నుంచి వచ్చిన కొజ్లోవ్. చాచా మిఠాయి పంచింది వాళ్ల గోల్స్‌కే. ఖౌమ్ పేరు మీద చెమటోడ్చింది వాళ్లు. అలాంటివాళ్లకు తన్ఖా ఎగ్గొడితే పోయేది ఎవరి ఇజ్జత్?

ఇక మావాడి మాట. కంపెనీ చేతిలో పెడితే అన్నీ సర్దుకుంటాయంటాడు. బేటా, అంత దూరం ఎందుకు, గచ్చిబౌలి చూడు. హైదరాబాద్ ఎఫ్‌సీ 2019లో పుట్టింది. మైదాన్‌లో టెంటూ లేదు, పాత కమిటీ పెద్దలూ లేరు. అంతా కంపెనీ పద్ధతే. మనోలో మార్కెజ్ అనే స్పెయిన్ కోచ్ కింద 2022 మార్చిలో గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో ఓడించి ఐఎస్ఎల్ గెలిచింది. తర్వాత? అక్కడా తన్ఖా బాకీలే. ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. యాజమాన్యం మారింది. 2025లో ఆ క్లబ్ ఏకంగా ఢిల్లీకి మారిపోయింది, పేరు కూడా మార్చుకుంది. గచ్చిబౌలిలో గొంతు పోయేలా అరిచిన పిల్లల్ని ఒక్క మాట అడిగినవాళ్లు లేరు.

2024 అక్టోబరులో ఈ రెండు క్లబ్బులూ కోల్‌కతాలో తలపడ్డాయి. హైదరాబాద్ 4-0తో గెలిచింది. ఆ రాత్రి మావాడు ఎగిరాడు, చాచా అన్నం ముట్టలేదు. సీజన్ ముగిసేసరికి హైదరాబాద్ పన్నెండో స్థానం, మహమ్మడన్ పదమూడు. ఒకటి ఖౌమ్ క్లబ్, ఒకటి కంపెనీ క్లబ్. కిందనుంచి మొదటి రెండు స్థానాలూ ఈ రెండింటివే.

అంటే మర్జ్ ఎక్కడుందో ఆలోచించండి. నడిపేవాడు ముస్లిమా సేఠా, పాతవాడా కొత్తవాడా అన్నది తర్వాత. పైసా ఎక్కడినుంచి వచ్చింది, ఎక్కడికి పోయింది, పనిచేసినవాడికి ముందు అందిందా, అందకపోతే జవాబు చెప్పేది ఎవరు? ఈ సవాళ్లు అడిగే ఆదత్ లేనిచోట ఎవరొచ్చినా ఇదే జరుగుతుంది. క్లబ్ ఒక అమానత్. అమానత్ చేతిలో ఉన్నవాడు హిసాబ్ అడిగితే కోపం తెచ్చుకోకూడదు.

అభిమానులం మనకూ వాటా ఉంది. అదే 2024 అక్టోబరులో కేరళ మ్యాచ్‌లో మహమ్మడన్ స్టాండ్స్ నుంచి సీసాలు విసిరారు, ఆట కాసేపు ఆగింది. సీసా విసరడానికి లేచిన చెయ్యి లెక్కల కాగితం అడగడానికి లేవదు. గెలిస్తే ఖౌమ్ గెలిచింది, ఓడితే ఎవడో ముంచాడు అనుకుంటే మనకి హాయిగా ఉంటుంది, క్లబ్ మాత్రం బాగుపడదు.

ఇదంతా నేను దస్తర్‌ఖాన్ దగ్గర పెద్దమనిషిలా చెప్తూ ఉంటే మావాడు ఒక్క సవాల్ అడిగాడు.

"అబ్బా, మన మసీదు ఇమామ్ సాబ్‌కి ఈ నెల తన్ఖా ఇచ్చారా?"

చాచా నావైపు చూశారు. నేను పళ్లెంవైపు చూశాను. మసీదు కమిటీలో నేనూ ఒక మెంబర్‌ని. రెండు నెలలుగా బాకీ. చందా సరిగా వసూలు కాలేదని సదర్ సాబ్ అన్నారు, ఇస్తారులే అని నేను ఊరుకున్నాను. అదే నెలల్లో మినార్‌కి కొత్త లైట్లు పెట్టించాం. ఉద్ఘాటన ఫొటోలో నేనూ ఉన్నాను.

పనివాడి చెమట ఆరకముందే మజ్దూరీ ఇవ్వాలని మన పిల్లలకు చిన్నప్పుడే నేర్పుతాం. కోల్‌కతాలో చెర్నిషోవ్ కోసం బాధపడ్డ నేను, రోజుకి ఐదుసార్లు నా ముందు నిలబడే మనిషి ముఖం చూడలేదు. ఆయన అడగలేదు. అడగరు కూడా. ఆ షరాఫత్ మనకి సాకు అయిపోయింది.

అస్ర్ తర్వాత చాచా, నేను కలిసి సదర్ సాబ్ ఇంటికి వెళ్లాం. ఇక మీద వచ్చిన చందాలో మొదటి హక్కు ఇమామ్ సాబ్‌ది, మౌజన్ సాబ్‌ది అని, నెలనెలా హిసాబ్ రాసి నోటీస్ బోర్డు మీద పెట్టాలని అడిగాం. ఆయన మొహం చిన్నబుచ్చుకున్నారు. "మామీద భరోసా లేదా?" అన్నారు. "ఉంది భాయ్‌సాబ్, అందుకే రాసిపెట్టమంటున్నాం" అన్నారు చాచా. వచ్చే జుమాకి మొదటి కాగితం పెడతామన్నారు. చూడాలి.

మీ ఊళ్లో మసీదు ఉంటుంది, మదర్సా ఉంటుంది, అంజుమన్ ఉంటుంది, కుర్రాళ్ల క్రికెట్ జట్టైనా ఉంటుంది. ఈ వారం ఒక్కసారి అడగండి, పనిచేసినవాళ్లకి అందిందా అని. అడిగాక చాచాలా జెండా పట్టుకుని ఎంత అరిచినా తప్పులేదు.