పటములో లేని కుమార్తెలు

దబీర్‌పురా, పురానాపూల్: భాగ్యనగర ప్రాకారమునకు నేఁడు మిగిలిన దర్వాజాలు ఈ రెండే. కావున దబీర్‌పురా సోదరీమణులకు, 2017లో వెలువడిన 'ఆంగ్ లరావాన్' అను ఫిలిప్పీన్ సంగీతచిత్రము పరాయిదిగాఁ దోఁచదు. అదియు కోటగోడ లోపలి కథయే. 1945 యుద్ధములో నేలమట్టమైన మనీలా పాతనగరము ఇంట్రామూరోస్‌లో, 1941 నాఁడు జరుగును. అవివాహితలగు కాండిడా, పౌలా తమ తండ్రి చిత్రించిన పటమును ఎంత ధనమిచ్చినను అమ్మరు. ఇంటి వెచ్చములు భరించు అన్నయు, అక్కయు ఇల్లే అమ్ముదమందురు. వెచ్చముల మాట యెత్తినందుకు వారిని మేము నిందింపఁజాలము.

పటమందు ఆ చిత్రకారుఁడు, వృద్ధుఁడైన తన్ను యువకుఁడైన తానే మూపున మోయుచున్నట్లు చిత్రించుకొనెను. ఇంటిలో ఆయనను మోయుచున్నవారు కుమార్తెలు గదా! పటమున వారి జాడయే లేదు. తుదకు పౌలా దానిని నాశనము చేసినపుడు మాకు దుఃఖము కలుగలేదు, ఊఱటయే కలిగెను.