సెలవులలో చిన్న ఊళ్ళు చూడండి



దీర్ఘ సెలవులు సమీపిస్తున్నవి. "ఈసారి ఎక్కడికి వెళ్తారు?" అని తరగతిలో అడిగినప్పుడు మీలో చాలామంది నీటి ఆటల పార్కులు, కౌలాలంపూరులోని పెద్ద పెద్ద మాల్‌లు అని చెప్పారు. చిన్న ఊరి పేరు ఒక్కరూ చెప్పలేదు. "అక్కడ చూడడానికి ఏముంది, టీచర్?" అని ఒకరు అడిగారు. ఆనాడు సమాధానం చెప్పడానికి సమయం చాలలేదు. కనుక ఇక్కడ వ్రాస్తున్నాను.

గత సంవత్సరం మా తమ్ముడు ఒక కారవాన్ బండిని అద్దెకు తెచ్చాడు. అందులో పడకలు, చిన్న పొయ్యి, నీళ్ళ తొట్టి ఉన్నవి. తమ్ముడు, మరదలు, తొమ్మిదేళ్ళ పాప, ఆరేళ్ళ బాబు, మా అమ్మ, నేను కలిసి పేరాక్ రాష్ట్రంలోని చిన్న ఊళ్ళకు బయలుదేరాము.

మొదటి రోజే ఒక పొరపాటు చేశాము. తైపింగ్‌లో మ్యూజియం, సరస్సు తోట చూచి, అక్కడి నుండి క్వాలా సెపెతాంగ్ వెళ్ళి, సాయంత్రానికి మరొక ఊరు చేరవలెనని అనుకున్నాము. మధ్యాహ్నానికే ఎండకు పిల్లలు ఏడుపు మొదలుపెట్టారు. నాటి నుండి రోజుకు ఒక్క ఊరే అని నియమం పెట్టుకున్నాము. మీరు కూడా ఈ నియమం పాటించండి.

మలయాలో మొదటి రైలు 1885లో నడిచింది తైపింగ్ నుండి ఈ క్వాలా సెపెతాంగ్‌కే. అప్పుడు దీని పేరు పోర్ట్ వెల్డ్. గనులలోని తగరాన్ని ఓడరేవుకు చేర్చడానికి ఆ దారి వేశారు. నేడు పట్టాలు లేవు, స్టేషన్ పేరు పలక మాత్రం మిగిలి ఉన్నది. దానిపై ఇంగ్లీషు, జావి, చైనా, తమిళ లిపులు ఉన్నవి. పాప ఆ పలకను చాలాసేపు చూచి, "అత్తా, మన అక్షరాలు ఎక్కడ?" అని అడిగింది. "మన అక్షరాలు దీనిపై లేవు, అమ్మా" అన్నాను. అంతకు మించి ఏమి చెప్పవలెనో నాకు తోచలేదు.

మరునాడు క్వాలా కాంగ్సార్ చేరాము. బ్రెజిల్ నుండి లండన్‌కు, అక్కడి నుండి సింగపూరుకు వచ్చిన రబ్బరు మొక్కలలో కొన్నింటిని 1877లో ఈ ఊరిలో నాటారు. వాటిలో ఒక చెట్టు నేటికీ ఉన్నది. పెద్ద చెట్టే గాని, చూడడానికి అందులో విశేషమేమీ కనిపించదు. బాబు "ఇంతేనా?" అన్నాడు.

అప్పుడు మా అమ్మ ఆ చెట్టు దగ్గర నిలబడి చేయి ఏటవాలుగా కదిపి చూపింది. "ఇలా గీత గీయాలి. లోతుగా గీస్తే చెట్టు పాడవుతుంది. పైపైన గీస్తే పాలు రావు. తెల్లవారకముందే వెళ్ళాలి, ఎండ ఎక్కితే పాలు ఆగిపోతాయి" అన్నది. మా అమ్మ పదిహేనేళ్ళ వయసు నుండి రబ్బరు తోటలో పని చేసినది. ఆ సంగతి పిల్లలకు ఆనాటి వరకు తెలియదు. నాయనమ్మ తెలుగులో పలకరిస్తే మలాయిలోనో ఇంగ్లీషులోనో బదులు చెప్పే పాప, ఆ రోజు తెలుగులోనే ప్రశ్నలు అడిగింది. "చీకట్లో భయం వేయలేదా? పాములు ఉండేవా? అన్నం ఎప్పుడు తినేవారు?" మాటలు తడబడినవి. అయినను అడగడం మానలేదు.

పలక దగ్గర నాకు తోచని సమాధానం అక్కడ దొరికింది. మన భాష ఈ దేశంలో వీధి పలకలపై అరుదు. అది మన ఇంటి పెద్దల నోట ఉన్నది. మనము అడగకపోతే అది వారితోనే వెళ్ళిపోతుంది.

మూడవ రోజు తెలుక్ ఇంతాన్‌లో వాలిన గడియార స్తంభం చూచాము. 1885లో కట్టిన ఆ కట్టడం మెత్తని నేల వలన, లోపలి నీటి తొట్టి బరువు వలన ఒక ప్రక్కకు ఒరిగింది. బయటి నుండి లెక్కిస్తే ఎనిమిది అంతస్తులు, లోపల ఉన్నవి మూడే. బాబు తల వాల్చి నిలబడి, "ఇప్పుడు తిన్నగా ఉంది!" అని అరిచాడు. మేమందరము తలలు వాల్చి చూచి నవ్వుకున్నాము.

"ఆరేళ్ళ పిల్లవానికి ఇవన్నీ గుర్తుంటాయా? డబ్బు దండగ కాదా?" అని కొందరు తల్లిదండ్రులు అంటారు. అన్నీ గుర్తుండవు. బాబు ఇప్పటికే ఊళ్ళ పేర్లు కొన్ని మరచిపోయాడు. కాని పాప నేటికీ నాయనమ్మతో తెలుగులో మాట్లాడుతున్నది. తప్పులు దొర్లుతాయి, నాయనమ్మ దిద్దుతుంది. ఒక ప్రయాణానికి ఈ ఫలం చాలునని నా అభిప్రాయం.

కారవాన్ అద్దె అందరికీ అందదని నాకు తెలుసు. బస్సు చాలు, రైలు చాలు. మీ ఊరికి ఒక గంట దూరంలో ఉన్న చిన్న ఊరు చాలు. వినోదాల పార్కులకు వెళ్ళవద్దని నేను అనడం లేదు. అక్కడ ఆడుకోవడానికి తాతయ్య, అమ్మమ్మ అవసరం లేదు. చిన్న ఊరికి మాత్రం వారిని తప్పక వెంట తీసుకొని వెళ్ళండి. అక్కడ వారే మీకు గురువులు.

సెలవుల తరువాత మీ నుండి నేను కోరేది ఒక్క పుట మాత్రమే. ఏ ఊరు చూచారో, అక్కడ మీ ఇంటి పెద్దలను తెలుగులో ఏమి అడిగారో, వారేమి చెప్పారో వ్రాసి తీసుకొని రండి. అక్షర దోషాలకు మార్కులు తగ్గించను.