లోతు చూసి దిగాలి

మీ ఇంట్లో ఎవరైనా ఈమధ్య నాలుగున్నరకే అలారం పెట్టుకుని సైకిలు భుజాన వేసుకుని మెట్లు దిగుతున్నారా? శనివారం రాత్రి పెళ్లి రిసెప్షన్‌కి రమ్మంటే ‘పొద్దున పరుగు ఉంది’ అని తప్పించుకుంటున్నారా? అయితే ఏదో ఒకరోజు ‘హాఫ్ ఐరన్‌మ్యాన్’ అన్నమాట మీ ఇంటి భోజనాల బల్ల మీదికి వచ్చి తీరుతుంది. సిద్ధంగా ఉండండి!

1.9 కిలోమీటర్ల ఈత, వెంటనే 90 కిలోమీటర్ల సైకిలు, ఆపైన 21.1 కిలోమీటర్ల పరుగు. మొత్తం 113 కిలోమీటర్లు. మైళ్లలో 70.3 కాబట్టి ఆ అంకే పోటీకి పేరైపోయింది. సాధారణంగా ఎనిమిదిన్నర గంటల్లో ముగించాలి.

మనవాళ్లు మొదటి పోటీని ఎలా ఎంచుకుంటారో తెలుసా? ఆఫీసులో నలుగురు కడుతున్నారని ఫీజు కట్టేస్తారు. లేదంటే, పిల్లలకు బీచ్ కూడా చూపించినట్టుంటుందని గోవా అంటారు. రెండూ తప్పేం కాదు. కానీ ముందు అడగాల్సింది వేరే ఉంది... ఈత ఎక్కడ?

పరుగులో అలిసిపోతే నడవొచ్చు. సైకిలు దిగి చెట్టుకింద కూర్చోవచ్చు. నీళ్లలో ఆ వీలుండదు. అమెరికాలో 1985 నుంచి 2016 వరకు ట్రయథ్లాన్లలో సంభవించిన మరణాలు, గుండె ఆగిపోయిన సంఘటనలు 135 అని వైద్యులు లెక్క తేల్చారు. వాటిలో 90 ఈతలోనే. బాధితుల్లో నూటికి 85 మంది మగవాళ్లు, సగటు వయసు 47కు దగ్గర. భయపెట్టడానికి చెప్పడం లేదు. నలభై దాటినవారు డబ్బు కట్టేముందే గుండె డాక్టరును కలవాలని చెప్పడానికే. ‘నాకేమైంది, గుండ్రాయిలా ఉన్నాను’ అంటే ఇంట్లోవాళ్లు ఒప్పుకోవద్దు.

హైదరాబాద్‌లో ఈత నేర్చుకున్నవారికి 25 మీటర్లకోసారి గోడ దొరుకుతుంది, అడుగున గీత కనిపిస్తుంది. సముద్రంలో గోడా ఉండదు, గీతా ఉండదు. పది పదిహేను బారలకోసారి తలెత్తి, గుర్తుగా కట్టిన తేలియాడే బుడగ ఎటుందో చూసుకోవాలి. పక్కవాడి కాలు మొహానికి తగులుతుంది. అందుకే కొలనులో ఆగకుండా రెండు కిలోమీటర్లు ఈదగలగడం ఒక్కటే చాలదు. తెరిచిన నీళ్లలో, తోడుగా శిక్షకుడితో, పడవ సాయంతో కొన్నిసార్లయినా ఈదాలి. అలాగని విశాఖ వెళ్లినప్పుడు ఆర్కే బీచ్‌లో ఒంటరిగా సాధన మొదలెట్టేరు! అక్కడి సుడులు మీ మెడల్ సంగతి పట్టించుకోవు.

గోవా పోటీ మన దేశంలో మొదటిసారి 2019 అక్టోబరులో పణజి దగ్గరి మిరామార్ తీరంలో జరిగింది. కరోనా వల్ల రెండేళ్లు ఆగి 2022 నవంబరులో మళ్లీ మొదలైంది. ఈత అరేబియా సముద్రంలో. చలిదేశాల్లో వేసుకునే రబ్బరు సూట్ మనిషిని కొంత తేలుస్తుంది. కానీ నీళ్లు 24.5 డిగ్రీలు దాటితే దానిమీద ఆధారపడటానికి లేదు. గోవా నీళ్లు అంతకన్నా వెచ్చన. అంటే యూరప్‌లో సూట్ వేసుకుని ఈదిన స్నేహితుడి ధైర్యం మనకు అక్కడ పనికిరాదు.

ఇంకో చిక్కు. పోటీ అక్టోబరు, నవంబరుల్లో అంటే అసలు సాధన జులై నుంచి సెప్టెంబరు దాకా, సరిగ్గా వానల్లో. గుంతల్లో నీళ్లు నిండిన రోడ్ల మీద తెల్లవారుజామున 80 కిలోమీటర్లు తొక్కడం పోటీకన్నా ప్రమాదం. హాల్లో ట్రైనర్ మీద సైకిలు బిగించి మూడుగంటలు తొక్కే ఓపిక ఉందా? ఆ చప్పుడు భరించే ఓపిక ఇంట్లోవాళ్లకుందా? లేకపోతే సాధన ఎండాకాలానికి ముందే అయిపోయేలా వేరే పోటీ చూసుకోవడం మేలు.

సైకిలు దారిలో ఎత్తుపల్లాలు ఎన్నో చూడండి. ఈతకు గంటా పదినిమిషాలు తీసుకునేవారికి, సాధారణ గడువుల ప్రకారం, 90 కిలోమీటర్లకు నాలుగు గంటల ఇరవై నిమిషాలే మిగులుతాయి. బట్టలు మార్చుకునే సమయం కూడా అందులోనే. అంటే గంటకు 21 కిలోమీటర్ల పైనే. కొండదారిలో అది తేలిక కాదు.

నన్నడిగితే, మొదట 750 మీటర్ల ఈత ఉండే స్ప్రింట్, తర్వాత కిలోమీటరున్నర ఉండే ఒలింపిక్ దూరం పూర్తిచేశాకే హాఫ్‌కి వెళ్లాలి. ఈత ఇంకా కుదరకపోతే గోవాలో ముగ్గురు కలిసి పంచుకునే రిలే విభాగం ఉంది. పేరు ఒంటరిగా రాదన్నమాటే గానీ, పోటీ రుచి తెలుస్తుంది. ఈతలో దమ్ము చాలకపోతే కాపలా కయాక్‌ను పట్టుకుని కాసేపు ఆగొచ్చు, అది ముందుకు లాగనంతవరకు నిబంధనలు ఒప్పుకుంటాయి. మగవాళ్లు ఈ సంగతి తెలిసీ చెయ్యెత్తరు. ముందే గట్టిగా చెప్పి పంపండి.

గట్టుమీద నిలబడే ఇంట్లోవాళ్లకు ఒక్క మాట. నీళ్లలో అందరి టోపీలూ ఒకేలా కనిపిస్తాయి, మీవాడెవరో పోల్చుకోలేరు. ఒడ్డు నుంచి సైకిళ్ల దగ్గరికి పరుగెత్తే దారి పక్కన ఉండండి. గొడుగు, నీళ్లసీసా మీకోసం పెట్టుకోండి. పాపం అలిసిపోయాడు కదాని మధ్యలో అరటిపండు చేతికివ్వబోయేరు... బయటివాళ్ల సాయం తీసుకుంటే పోటీలోంచి తీసేయవచ్చు.