బ్రేకులో గాలి మిగిలితే ఎవరి తప్పు?

ముంబైలోని కామాఠీపురాకు ఆ పేరు తెచ్చింది తెలుగు నేల నుంచి కట్టుబడి పనులకు వలస వచ్చిన కామాఠీలు. దాన్ని ఆనుకునే నాగ్‌పాడా. అక్కడి నుంచి కాస్త నడిస్తే చోర్ బజార్, అక్కడ పాత కార్ల విడిభాగాలు. ఇటు ఒపేరా హౌస్ వైపు వెళ్తే కొత్త సామాను దుకాణాలు. ముందు చక్రం కాలిపర్, అంటే ప్యాడ్లతో డిస్కును పట్టి ఆపే భాగం, జామైతే ఈ చుట్టుపక్కల సాయంత్రంలోగా సామానూ దొరుకుతుంది, బిగించే మనిషీ దొరుకుతాడు. దొరకనిదల్లా బిగించిన తర్వాత గాలి పూర్తిగా తీయడానికి కావలసిన గంట సమయం.

ఆ గంట లేకపోవడం వల్లే గొడవ మొదలవుతుంది. కొత్త కాలిపర్ వేయించినా బ్రేకు మెత్తగానే ఉందని బండి యజమాని మళ్లీ వస్తాడు. సామాను నాసిరకమని మెకానిక్ అంటాడు. బిగించడం చేతకాలేదని దుకాణదారు అంటాడు. తరచుగా ఇద్దరి మాటా తప్పే. లోపం లోపల మిగిలిపోయిన గాలిది.

కాలిపర్ విప్పాలంటే బ్రేకు గొట్టం ఊడదీయాలి. అక్కడ ఆయిల్ కారిపోతుంది, ఆ ఖాళీలోకి గాలి చేరుతుంది. ఆయిల్ నొక్కితే నలగదు కనుక పెడల్ మీది బలాన్ని నేరుగా ప్యాడ్ల దాకా మోసుకుపోతుంది. గాలి అలా కాదు. సైకిలు పంపు మూతిని వేలితో మూసి పిడి నొక్కి చూడండి, ఎంతో కొంత లోపలికి పోయి వెనక్కి తన్నుతుంది. బ్రేకు పైపులో మిగిలిన బుడగ చేసే పనీ అదే. పెడల్ కదలికలో చాలా భాగం ప్యాడ్లకు చేరకుండా బుడగను నలపడానికే పోతుంది.

లీటరు ఆయిల్ పోసినా కొన్ని బండ్లలో గాలి ఎందుకు పోదంటే, కాలిపర్లు అటుదిటు బిగించారు గనుక. చాలా కార్లలో కుడి కాలిపర్ ఎడమ చక్రానికీ బోల్టు పడుతుంది. కానీ అలా బిగిస్తే గాలి వదిలే నిపుల్ కిందికి పోతుంది. గాలి ఎప్పుడూ పైకే చేరుతుంది, కింద ఉన్న నిపుల్ నుంచి ఆయిల్ మాత్రమే వస్తుంది. మెకానిక్ స్వచ్ఛమైన ఆయిల్ చూసి పని అయిందనుకుంటాడు. పైన బుడగ క్షేమంగా ఉంటుంది. ముందు చక్రాల వైపు వంగి నిపుల్ పైన ఉందో లేదో చూడటానికి అరనిమిషం పట్టదు, పైసా ఖర్చు లేదు. ప్రీమియర్ పద్మిని టాక్సీల మీద పని నేర్చిన పాతతరం చేతులకు ఈ చిక్కు అంతగా ఎదురుకాలేదు, వాటికి నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే. ఆ టాక్సీలు 2023 అక్టోబరు 30 నుంచి ముంబై రోడ్ల మీద లేవు. ఇప్పుడు కాలీపీలీ (నలుపు-పసుపు టాక్సీ) అంటే ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు ఉన్న వ్యాగన్ ఆర్ లాంటి బండ్లే.

రెండో తప్పు పైన ఆయిల్ డబ్బా ఎండిపోనివ్వడం. కింద నిపుల్ దగ్గర ఒకరు, పెడల్ దగ్గర ఒకరు నిమగ్నమై ఉంటే పైన డబ్బా ఖాళీ అయిన సంగతి ఎవరూ చూడరు. అప్పుడు మాస్టర్ సిలిండర్ కూడా గాలి పీలుస్తుంది. ఆ గాలి ఏబీఎస్ (చక్రాలు బిగుసుకుపోకుండా చూసే వ్యవస్థ) యూనిట్‌లోకి దూరితే, అనేక మోడళ్లలో స్కానర్ తగిలించి లోపలి పంపును తిప్పితే తప్ప బయటికి రాదు. 2019 ఏప్రిల్ నుంచి దేశంలో అమ్మే కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి. ఫుట్‌పాత్ మీద పానా పట్టుకున్న మనిషి చేతిలో ఆ స్కానర్ ఎక్కడిది? అదే డబ్బా నిండుగా ఉంచుతూ పనిచేస్తే, మార్చిన ఆ ఒక్క చక్రం దగ్గర గాలి తీసినా తరచు సరిపోతుంది.

అన్ని మెత్తటి పెడళ్లకూ గాలే కారణం కాదు, ఇక్కడే అనుభవం తేలుతుంది. రెండు మూడు సార్లు తొక్కితే గట్టిపడే పెడల్ గాలిని సూచిస్తుంది, లేదా వెనక డ్రమ్ముల్లో అరిగి దూరమైన షూలను. కాలు అలాగే అదిమి ఉంచినప్పుడు మెల్లగా దిగిపోయే పెడల్ అయితే ఎక్కడో లీకు ఉంది, లేదా మాస్టర్ సిలిండర్ రబ్బర్లు పోయాయి. గొట్టం బోల్టుకు పాత రాగి వాషర్లే మళ్లీ వేస్తే లీకు అక్కడే మొదలవుతుంది. తేలకపోతే నాలుగు రబ్బరు గొట్టాలనూ వాటికోసం చేసిన క్లాంపులతో బిగించి, ఒక్కొక్కటీ వదులుతూ పోవాలి. ఏది వదిలినప్పుడు పెడల్ దిగిందో దొంగ ఆ చక్రం దగ్గరే ఉన్నాడు. కటింగ్ ప్లేయర్‌తో గొట్టం నొక్కే అలవాటు మాత్రం మానాలి, లోపలి పొర చిట్లుతుంది.

ఇక బండి అప్పగించే తీరు. ఇంజన్ ఆపి, పెడల్ నాలుగు సార్లు తొక్కి, రాయిలా ఉంది చూడండి అంటారు. ఇంజన్ ఆగి ఉంటే ఆ నాలుగు తొక్కుళ్లకే బూస్టర్‌లోని వాక్యూమ్ అయిపోతుంది, కొంచెం గాలి ఉన్నా పెడల్ గట్టిగానే తగులుతుంది. అసలు రంగు ఇంజన్ నడుస్తున్నప్పుడే బయటపడుతుంది. ఆ పరీక్ష చూసి తృప్తిపడి డబ్బిచ్చే యజమానికీ ఇందులో వాటా ఉంది. కాలిపర్‌కు అడిగినంత ఇచ్చి లేబర్ దగ్గర బేరమాడతాడు. టాక్సీ నడిపేవాడికి బండి ఆగితే ఆ పూట సంపాదన ఆగినట్టే, అతని తొందర అర్థమవుతుంది. సొంత కారు వాళ్ల తొందరకు అంత సాకు లేదు.

ముంబై గాలిలోని తేమను కూడా లెక్కలోకి తీసుకోవాలి. బ్రేక్ ఆయిల్ తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్త ఆయిల్ కనీసం 230 డిగ్రీల వేడి దాకా మరగకూడదన్నది ప్రమాణం, నీరు 3.7 శాతం చేరాక ఆ హద్దు 155 డిగ్రీలకు పడిపోతుంది. గాలి తీసేటప్పుడు సీసాలో పడిన పాత ఆయిల్‌ను మళ్లీ డబ్బాలో పోసే పొదుపు అందుకే ప్రమాదం. తెలంగాణ ఊళ్లకు వెళ్లి సోలాపూర్, పుణె మీదుగా తిరిగొచ్చే బండి ఖండాలా ఘాట్ దిగాలి. గేరు తగ్గించకుండా అంతదూరం బ్రేకు మీదే కాలు ఉంచితే ఆ నీరు ఆవిరవుతుంది. ఆవిరి కూడా గాలిలాగే నలుగుతుంది.

ప్రమాదం జరగ్గానే వినిపించే మొదటి మాట బ్రేకులు ఫెయిలయ్యాయని. 2024 డిసెంబరు 9న ముంబైలోని కుర్లాలో బెస్ట్ సంస్థ సిటీ బస్సు జనం మీదికి దూసుకెళ్లినప్పుడూ అదే మాట వినిపించింది. ఆర్టీవో తనిఖీలో బ్రేకులు పనిచేస్తున్నాయని తేలి, చర్చ డ్రైవరు శిక్షణ వైపు మళ్లింది. వాణిజ్య వాహనం కనుక కనీసం తనిఖీ రికార్డు ఉంటుంది. సొంత కారుకు రిజిస్ట్రేషన్ నాటి నుంచి 15 ఏళ్లదాకా ఫిట్‌నెస్ పరీక్షే లేదు. ఈలోగా ఎన్ని కాలిపర్లు మారినా, ఎంత గాలి మిగిలినా ప్రభుత్వం తరఫున అడిగేవారు లేరు. ఈ నిబంధన మారాలి. 5 ఏళ్లు దాటిన ప్రతి సొంత కారుకూ రెండేళ్లకోసారైనా బ్రేకు పరీక్ష పెట్టాలి. అది వచ్చేలోగా మెకానిక్‌లు బిల్లులో గాలి తీసిన పనికి, కొత్త ఆయిల్‌కు విడిగా డబ్బు రాయాలి, యజమానులు గొణగకుండా ఇవ్వాలి. గ్యారేజీ నుంచి కదిలే ముందు ఇంజన్ స్టార్ట్ చేసి, పెడల్ మీద అరనిమిషం గట్టిగా కాలు అదిమి ఉంచండి. దిగిపోతే, మెత్తగా ఉంటే బండి అక్కడే వదిలి బస్సెక్కండి.