39 శాతం ఓట్లు, 11 సీట్లు

2024 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ ఫలితాలు వెలువడేసరికి వైఎస్సార్ కాంగ్రెస్ ఖాతాలో 39 శాతం ఓట్లున్నాయి. సీట్లు 11. అంతకు ఆర్నెల్ల ముందు తెలంగాణలో ఓడిన బీఆర్ఎస్‌కు ఓట్లు ఇంకా తక్కువ, 37 శాతం చిల్లర. అయినా 119 సీట్లలో 39 దక్కాయి.

తెలంగాణలో బీజేపీ దాదాపు 14 శాతం చీల్చుకోవడం ఒక కారణం. అసలు తేడా ఓట్లు ఎక్కడ పడ్డాయన్న దాంట్లో ఉంది. ఉమ్మడి నల్లగొండ, పాలమూరు, ఖమ్మం జిల్లాల్లోని 36 స్థానాల్లో కాంగ్రెస్ 31 గెలిచింది. హైదరాబాద్ జిల్లాలోని 15లో ఒక్కటీ రాలేదు. రాజధాని జిల్లా మొండిచేయి చూపినా అధికారం అందింది. బీఆర్ఎస్‌కు హైదరాబాద్, మెదక్ ఆసరాగా నిలిచాయి. జగన్ పార్టీ వైఎస్సార్ కాంగ్రెస్‌కు అలాంటి దిక్కు లేకపోయింది. 2019లో రాయలసీమలో 52కి 49, ఉత్తరాంధ్రలో 34కి 28 తెచ్చిపెట్టిన గాలి ఈసారి అన్నిచోట్లా ఒకేసారి ఎదురు తిరిగింది.

జగన్ ప్రభుత్వం చేసిన మూడు రాజధానుల ప్రయోగం ఇక్కడే గుర్తుకొస్తుంది. విశాఖకు సచివాలయం, కర్నూలుకు హైకోర్టు అంటే ఆ ప్రాంతాలు రుణపడి ఉంటాయన్నది లెక్క. అమరావతిని కాదన్నందుకు ఉమ్మడి కృష్ణా, గుంటూరు జిల్లాల్లో 33కి 33 పోయాయి, అది ఊహించినదే. కానీ ఉత్తరాంధ్రలో మిగిలినవి అరకు, పాడేరు. పార్టీ 2019లో 14కి 14 గెలిచిన ఉమ్మడి కర్నూలులో ఆలూరు, మంత్రాలయం. ప్రాంతీయ ఆకాంక్ష నిజమే కావచ్చు. ఓటరు మాత్రం దాన్ని భూమి పత్రం తర్వాతే పెట్టాడు. భూ యాజమాన్య హక్కు చట్టంపై భయానికీ, పాసుపుస్తకంపై అప్పటి ముఖ్యమంత్రి ఫొటో చూసి పుట్టిన చిరాకుకూ జిల్లా సరిహద్దులు లేవు.

ఎక్కడ బలముందో, ఎక్కడ లేదో అన్న లెక్కను తెలుగుదేశం అధినేత చంద్రబాబు 2014లోనే ఒకసారి వేశారు. అప్పుడు సీమలో ప్రత్యర్థికి 30 వస్తే ఆయన పార్టీకి వచ్చింది 22. పశ్చిమగోదావరి 15కి 15 మిత్రపక్షాలకు కట్టబెట్టి ఆ లోటు పూడ్చింది. పోటీ చేయకుండానే పవన్ కల్యాణ్ ఇచ్చిన మద్దతు అక్కడ పనిచేసింది. 2019లో ఇద్దరూ విడిపోయారు. తెలుగుదేశం 23కు పడిపోయింది, పవన్ పోటీ చేసిన రెండుచోట్లా ఓడారు. 2024లో మళ్లీ కలిస్తే ఉమ్మడి ఉభయ గోదావరి జిల్లాల్లోని 34 స్థానాలూ కూటమివే; పవన్ పార్టీ జనసేన గెలిచిన 21లో 11 అక్కడివి. తనకు బలం చాలని చోట సీట్లు వదులుకోవడం పెద్ద పార్టీలకు సాధారణంగా మింగుడుపడదు. పదేళ్లకు పైగా ఒంటరి పోరునే పౌరుషంగా చెప్పుకొన్న వైఎస్సార్ కాంగ్రెస్‌కు ఆ దారి తట్టనే లేదు.

కంచుకోట ఉంటే చాలా అంటే, అదీ ఓట్లు నిలిచినంత వరకే. 2024 లోక్‌సభ ఎన్నికల్లో బీఆర్ఎస్ వాటా సుమారు 17 శాతానికి జారింది. 17 స్థానాల్లో ఒక్కటీ రాలేదు. 2004 నుంచి చేజారని మెదక్‌ను కూడా బీజేపీ పట్టుకుపోయింది.