మృతుల కొఱకు తెఱచిన వాకిలి

అక్టోబరు 31వ తేదీ ప్రొద్దు గ్రుంకినంతనే అమెరికా, కెనడా, ఐర్లండు దేశముల వీథులలో ప్రేతములుగను, మంత్రగత్తెలుగను, అస్థిపంజరములుగను వేషములు దాల్చిన బాలబాలికలు ఇంటింటి తలుపు తట్టి మిఠాయి లడుగుచు తిరుగు హాలోవీన్ పర్వమును గూర్చి మనవారిలో రెండభిప్రాయములు గట్టిగా నాటుకొని యున్నవి. అది పిశాచారాధన మని యసహ్యించుకొనువారు కొందఱు. అంగళ్లవారు తమ సరకు చెల్లుటకై కల్పించిన వేడుక యని త్రోసిపుచ్చువారు కొందఱు. ఈ రెండభిప్రాయములును ఆ పండుగకు అన్యాయము చేయుచున్నవని నా దృఢవిశ్వాసము. దాని చరిత్రను ఓపికతో వెదకికొని పోయినచో భయముతో పెనవైచికొని పోయిన దానధర్మ మొకటి మనకు కానవచ్చును: చలికాలము ప్రవేశించువేళ గడప యొద్దకు వచ్చినవాడు, సజీవుడైనను మృతుడైనను, రిక్తహస్తములతో మరలిపోరాదు.

ప్రాచీన ఐర్లండులో నవంబరు 1వ తేదీ ‘సౌవిన్’ అను పర్వము. వేసవి పచ్చికపట్టుల నుండి పశువులను దింపి తెచ్చి, శీతకాలమంతయు మేపగల వానిని మాత్రము నిలుపుకొని, తక్కినవానిని కోసి మాంసమును నిలువచేసికొను కాల మది. కొట్లు నిండుగ నున్నను, రాబోవు నెలలలో చలికిని ఆకలికిని ఎవరు తాళుదురో, ఎవరు తాళలేరో తెలియని కాలము. దినమును రాత్రితో ప్రారంభించి లెక్కించుట ఆ ప్రాచీన ఐర్లండు జనులైన కెల్టుల యాచారము గనుక ముందటి రాత్రియే పర్వరాత్రి యయ్యెను. ఆ రాత్రి మట్టిదిబ్బల ద్వారములు తెఱచుకొని అదృశ్యలోకవాసులు మనుష్యుల నడుమకు వత్తురని ఐరిషు పురాణగాథలు చెప్పును. రాస్కామన్ మండలమున రాథ్‌క్రోహన్ యొద్ద నున్న ‘పిల్లుల గుహ’ అట్టి ద్వారములలో ప్రసిద్ధమైనది. అయితే ఆ గాథలను గ్రంథస్థము చేసినవారు క్రైస్తవ సన్న్యాసులే కాని ప్రాచీన పురోహితులు కారు. ఆ పురోహితులు సౌవిన్ రాత్రి జరిపిన పూజావిధాన మిట్టిదని నిశ్చయించుటకు సమకాలిక లేఖన మొక్కటియు లేదు. కావున నరబలుల భీకరవర్ణనలతో ఈ పండుగ పుట్టుకను చిత్రించువారు తమ యూహకు చరిత్ర యని పేరు పెట్టుచున్నారు.

పోపులు ఈ పర్వమును కబళించుటకే సకల పునీతుల పండుగను నవంబరు 1వ తేదీకి మార్చి రనునది మఱియొక ప్రచారము. వినుటకు సొంపుగ నున్నను ఇది నిలువదు. 609 ప్రాంతమున నాలుగవ బొనిఫేస్ పోపు రోములోని పాంథియన్ ఆలయమును మరియమాతకును, వేదసాక్షులందఱకును అంకితము చేసిన దినము మే 13. ఎనిమిదవ శతాబ్దిలో మూడవ గ్రెగరీ పోపు సెయింట్ పీటర్ దేవాలయమున సకల పునీతుల పేర ఒక ప్రార్థనామందిరమును నెలకొల్పెను. 835లో చక్రవర్తి లూయీ తన ఫ్రాంకుల రాజ్యమందంతటను నవంబరు 1వ తేదీ యుత్సవమును అమలుపఱచెను. ఆ దినములలో ఐర్లండు క్రైస్తవు లీ పండుగను ఏప్రిలు 20వ తేదీన జరుపుకొనుచుండిరి. సౌవిన్ పర్వమునకు జన్మభూమియైన దేశమే ఆ తేదీని మొదట పాటింపకుండుటను చరిత్రకారుడు రోనాల్డ్ హటన్ ఎత్తిచూపెను. రెండు పండుగలు ఒకే రాత్రి కలిసికొన్న మాట నిజము. ఒకటి రెండవదానిని దొంగిలించె ననుటకు మాత్రము ఆధారము చాలదు.

వెయ్యవ సంవత్సర ప్రాంతమున ఫ్రాన్సులోని క్లూనీ మఠాధిపతియగు ఓడిలో నవంబరు 2వ తేదీని మృతులందఱి ఆత్మలకై ప్రార్థించు దినముగా ఏర్పఱచిన పిమ్మటనే ఈ పండుగ హృదయము రూపుదాల్చినదని నాకు తోచును. మృతుల ఆత్మలు ఉత్తరించు స్థలమున శుద్ధి పొందుచుండుననియు, బ్రతికియున్నవారి ప్రార్థనలు వారి బాధను తగ్గించుననియు కథోలికుల విశ్వాసము. ఇంగ్లండు గ్రామములలో పేదలును పిల్లలును ఇంటింటికి పోయి, ఆ యింట గతించినవారి కొఱకు ప్రార్థింతుమని చెప్పి, ప్రతిగా ఆత్మరొట్టె లనబడు చిన్న తీపిరొట్టెలను పుచ్చుకొనుచుండిరి. దీనిని భిక్ష యని తక్కువ చేయరాదు. ధనవంతునికి లేనిది పేదవాని యొద్ద నున్నది, అది ప్రార్థన. పేదవానికి లేనిది ధనవంతుని యొద్ద నున్నది, అది రొట్టె. ఈ వినిమయమునకు మధ్యవర్తి మృతుడు. మహాలయపక్షమున పితరుల పేర అన్నము పెట్టించు మన గృహస్థునికి దీని యర్థము ఎవరును విప్పి చెప్పవలసిన పని లేదు. మన తెలుగు క్రైస్తవులు అదే నవంబరు 2వ తేదీని ‘సమాధుల పండుగ’ యని పిలుచుకొని, సమాధులను కడిగి పూలు పెట్టి క్రొవ్వొత్తులు వెలిగించుట మన యూళ్లలో చూచుచునే యున్నాము. షేక్‌స్పియరు కూడ తన తొలి నాటకములలో నొకదాన సకల పునీతుల పండుగనాడు దీనముగా యాచించువానిని ఉపమానముగా గైకొనెను. ప్రొటెస్టంటు సంస్కర్తలు ఉత్తరించు స్థలమును త్రోసివేసిన తరువాతను చెషైరు, ష్రాప్‌షైరు పల్లెలలో రొట్టెల కొఱకు పాడుచు తిరుగుట చిరకాలము మానలేదు.

స్కాట్లండులో వేషధారులైన పిల్లలు పాటయో, పద్యమో వినిపించిన పిదపనే ఆపిలుపండ్లును కాయగింజలును పొందుచుండిరి. అచటి పల్లెటూరి పడుచులు నిప్పులలో జంటగింజలు వైచి తమ వివాహభవిష్యత్తును పరీక్షించుకొనుటను రాబర్టు బర్న్స్ కవి 1785లో ‘హాలోవీన్’ అను కావ్యమున వర్ణించెను. ఐర్లండువారు ఎండుద్రాక్షల రొట్టెలో ఉంగరము దాచి, అది యెవరికి దొరకునో వారికి పెండ్లి యగునందురు. టర్నిప్ దుంపను తొలిచి వికృతముఖము చెక్కి లోపల దీపము పెట్టుటయు వారి యాచారమే.

1845లో ఉర్లగడ్డల తెగులుతో మొదలైన మహాక్షామము ఇంచుమించు పది లక్షలమందిని పొట్టన పెట్టుకొని, అంతకు మించిన సంఖ్యను సముద్రములు దాటించెను. ఆకలికి స్వదేశము విడిచిన ఆ జనము అమెరికాలో ఈ పండుగను విస్తరింపజేసిరి. అచ్చట మెత్తగను పెద్దగను దొరకు గుమ్మడికాయ దుంప స్థానమును పొందెను. ఆకలి యననేమో యెఱిగినవారు తెచ్చిన పర్వమున నేడు సంచులకొలది మిఠాయిలు మిగిలి పాఱవేయబడుటయు, ఒక్క రాత్రి తొడిగిన ప్లాస్టిక్ వేషములు మఱునాడు చెత్తకుండీల పాలగుటయు నాకు మిక్కిలి బాధాకరముగా నున్నది. అంతకన్న విచారకర మేమనగా, పిల్లలు పాట మఱచిరి. ‘ఇత్తురా, అల్లరి చేయుదుమా’ యను బెదిరింపు మాత్రము మిగిలినది.

2024లో దీపావళియు అక్టోబరు 31వ తేదీననే వచ్చినందున అమెరికాలోని మన తెలుగు కుటుంబములు అనేకము ఒకే సంధ్యలో ప్రమిదలను, గుమ్మడిదీపములను ప్రక్కప్రక్కన వెలిగించినవి. దీనిని సంస్కృతీసంకరమని నిందించువారితో నే నేకీభవింపను. దీపావళి అమావాస్యనాడు దివిటీలెత్తి పితరులకు త్రోవ చూపు ఉల్కాదానమును ధర్మశాస్త్రములు విధించినవి. గోగుకాడల చివర వత్తులు వెలిగించి త్రిప్పు మన పిల్లలు ఆ విధినే యెఱుగక నెఱవేర్చుచున్నారు. తలిదండ్రులు చేయదగిన దేమనగా, ఈ రెండు దీపముల పూర్వకథను పిల్లలకు చెప్పుట. 1950లో ఫిలడెల్ఫియాలో క్లైడ్ ఆలిసన్, మేరీ ఎమ్మా ఆలిసన్ దంపతులు మిఠాయిలకు మాఱుగా పాలడబ్బాలలో నాణెములు పోగుచేయించి, ఆ వచ్చిన 17 డాలర్లను ఆపన్నులైన పిల్లల కొఱకు యునిసెఫ్ సంస్థకు పంపిరి. ఆ పద్ధతి నేటికిని అమెరికాలో సాగుచున్నది. అట్టి డబ్బా నొకదానిని మన పిల్లల చేతికి కూడ ఇచ్చి, వారు తట్టిన ప్రతి తలుపు నొద్దను, పుచ్చుకొనుటకు ముందు, ఒక వేమన పద్యమైనను చదివింపవలెనని నేను కోరుచున్నాను.